మహబూబ్ చౌక్‌లో పైలట్‌కు ప్రాణం

గురువారం పొద్దున్నే హైదరాబాద్‌లోని పురానాపూల్ వైపు వెళ్లేవారికి జుమేరాత్ బజార్ ఎక్కడని ఎవరినీ అడగాల్సిన పనిలేదు. రోడ్డు వారన పరిచిన గోనె పట్టాలే దారి చూపిస్తాయి. తుప్పు పట్టిన రెంచీలు, జత తప్పిన బూట్లు, ఏ టీవీవో తెలియని రిమోట్లు, సొట్టపడ్డ ఇత్తడి చెంబులు. వాటి మధ్య ఓ ప్లాస్టిక్ టబ్బు. అందులో పట్టీలు ఊడిన చేతి గడియారాలు చింతపిక్కల్లా గుట్టగా పడి ఉంటాయి.

సికింద్రాబాద్ నుంచి వచ్చిన ఓ కాలేజీ అధ్యాపకుడు అరగంటగా ఆ టబ్బు ముందే కూర్చున్నారు. చివరికి ఆయన చేతికి తగిలింది నల్లటి డయల్, పెద్ద అంకెలు ఉన్న ఒక హెచ్‌ఎంటీ పైలట్. గ్లాసు మీద గీతలు. డయల్ ఒకవైపు మాసి గోధుమ రంగుకు తిరిగింది. "మిలిటరీ మాల్ సాబ్, ఆరొందలు" అన్నాడు అమ్మేవాడు. బేరం మూడొందల యాభై దగ్గర తెగింది.

పైలట్ అనే పేరు విని అది వైమానిక దళం సరుకని నమ్మేవారు చాలామందే. నిజానికి అది దుకాణంలో ఎవరైనా కొనుక్కోగలిగిన గడియారమే. సైన్యానికి జారీ చేసిన వాటికి మామూలుగా వెనక మూత మీద గుర్తులు, నంబర్లు చెక్కి ఉంటాయి. ఈ గడియారం మూత నున్నగా ఉంది. ఇక్కడ సైనికమన్నది ముఖం వరకే. నలుపు మీద తెలుపు అంకెలు, ఒక్క చూపులో టైమ్ తెలిసే ముళ్లు, తళుకు బెళుకుల్లేని పొందిక. బజారులో ఆ ముఖానికే గిరాకీ.

ఆ మాటకొస్తే హెచ్‌ఎంటీ పేరుకే గిరాకీ. జపాన్‌కు చెందిన సిటిజన్ సహకారంతో 1961లో బెంగళూరులో మొదలైన ఈ ప్రభుత్వ రంగ గడియారాల తయారీ తర్వాత శ్రీనగర్, తుముకూరు, రాణీబాగ్‌లకు విస్తరించింది. బ్యాటరీ గడియారాలు వచ్చాక దెబ్బతింది. 2016 జనవరిలో హెచ్‌ఎంటీ వాచెస్ మూసివేతకు కేంద్ర మంత్రివర్గం ఆమోదం తెలిపింది. అప్పటిదాకా సొరుగుల్లో పడి ఉన్నవాటి కోసం ఒక్కసారిగా వెతుకులాట మొదలైంది. హైదరాబాద్‌లోనూ హెచ్‌ఎంటీ ఫ్యాక్టరీ ఉండేది గానీ అక్కడ తయారైనవి యంత్రాలు, బల్బులు. గడియారాలు కాదు. ఇక తెలంగాణ ఇళ్లలో రోజూ ఉడికే హెచ్‌ఎంటీ బియ్యానికి ఆ పేరు వచ్చింది మాత్రం చేతి గడియారం నుంచే. మహారాష్ట్రలోని చంద్రపూర్ జిల్లా రైతు దాదాజీ ఖోబ్రగడే రూపొందించిన ఆ వరికి అప్పట్లో అందరి నోటా నానిన గడియారం పేరు పెట్టారు.

పురానాపూల్ నుంచి హుస్సేనీ ఆలం మీదుగా నడిస్తే మహబూబ్ చౌక్. స్థానికులకు ముర్గీ చౌక్. కోళ్ల అరుపులు, పావురాల పంజరాలు, వాటన్నిటి పైన అస్మాన్ జా 1892లో కట్టించిన గడియార స్తంభం. అక్కణ్ణుంచి లాడ్ బజార్ గుండా వెళితే చార్మినార్. దాని నాలుగు ముఖాలకూ 1889లో గడియారాలు అమర్చారు. ఇన్ని పెద్ద గడియారాల నీడలో చేతి గడియారాలు బాగుచేసేవారు మాత్రం ఏటేటా తగ్గిపోతున్నారు. మిగిలిన వారిలో చాలామంది పని బ్యాటరీ మార్చడంతో, పట్టీ బిగించడంతో సరి.

చౌక్ సందులో గాజు పెట్టె వెనక కూర్చున్న పెద్దాయన ఆ కొద్దిమందిలో ఒకరు. ముందు కీ తిప్పి చూశారు. తిరుగుతూనే ఉంది, ఎక్కడా బిగుసుకోలేదు. చెవి దగ్గర పెట్టుకోనే లేదు. "స్ప్రింగ్ తెగింది" అన్నారు. చేత్తో కీ ఇచ్చే గడియారం ఆరోగ్యంగా ఉంటే ముప్పై నలభై తిప్పులకు గట్టిగా ఆగుతుంది. ఎంత తిప్పినా ఆగకపోతే సాధారణంగా లోపల ప్రధాన స్ప్రింగ్ తెగినట్టే. అధ్యాపకుడి ముఖం చిన్నబోయింది. పెద్దాయన మాత్రం సంతోషించారు. ఇది నయమయ్యే జబ్బు. బ్యాలెన్స్ చక్రం ఇరుసు విరిగి ఉంటే కథ వేరు.

కంటికి భూతద్దం బిగించి వెనక మూత తీశారు. నూనె ఎండి జిగురైంది, కానీ తుప్పు లేదు. ఒక్కో చక్రం పట్టకారుతో తీసి పెట్రోల్ గిన్నెలో వేశారు. కొత్త స్ప్రింగ్ ఏ కంపెనీ నుంచీ రాదు. అందుకే ఆయన కింద నుంచి ఓ రేకు డబ్బా తీశారు. నిండా చచ్చిపోయిన గడియారాలు. వాటిలోంచి ఓ జనతా ఎంచారు. ముఖాలు వేరైనా పైలట్‌లో, ఆ జనతాలో ఉన్నది ఒకే 17 రాళ్ల యంత్రం. ఫ్యాక్టరీలు మూతపడ్డాక హెచ్‌ఎంటీలను బతికిస్తున్నది చాలావరకు ఇలాంటి అవయవదానాలే.

తిరిగి బిగించేటప్పుడు ఆయన మామూలుగా అడిగే ప్రశ్న అడిగారు. "డయల్ కొత్తగా వేయించమంటారా సాబ్? నలుపు, నారింజ, ఆకుపచ్చ, ఏది కావాలంటే అది."

పాత డయల్ గీకేసి రంగేసి, మీద అక్షరాలు అచ్చుకొట్టే పరిశ్రమ దేశమంతా ఉంది. విదేశాల్లోని సేకర్తలు అలాంటి వాటికి వెటకారంగా 'ముంబై స్పెషల్' అని పేరే పెట్టారు. దూరం నుంచి చూస్తే మిలమిల. దగ్గర పెట్టుకుంటే అక్షరాలు వంకర, నిమిషాల గీతలు అంకెలకు పొంతన లేకుండా ఉంటాయి. ఇష్టపడి రంగేయించుకుంటే అది ఎవరి సరదా వారిది. దాన్నే పాత సైనిక గడియారమని అంటగడితే మాత్రం మోసం.

అధ్యాపకుడి జవాబు వెనక వేరే కథ ఉంది. ఆయన తండ్రి సైన్యంలో పనిచేశారు. పాతికేళ్లు ఆయన చేతికి ఉన్నది పైలటే. ఆయన పోయాక కొడుకు ప్రేమకొద్దీ దాన్ని ఒక దుకాణంలో ఇచ్చి, మెరిసేలా చేయమన్నాడు. వాళ్లు మెరిసేలానే చేశారు. పాత డయల్ మీదే కొత్త రంగు పడింది. గడియారం ఇప్పటికీ నడుస్తోంది. "కానీ నాన్న చూసిన ముఖం కాదు చాచా అది" అన్నారాయన. "ఇది ఇలాగే ఉండనీయండి."

పెద్దాయన మళ్లీ అడగలేదు. గీతలు పడ్డ ప్లాస్టిక్ గ్లాసును మాత్రం పాలిష్‌తో రుద్దారు. మాసిన మరక ఇప్పుడు ఇంకా స్పష్టంగా కనిపిస్తోంది. వెనక మూతకు కొత్త రబ్బరు రింగు వేశారు. అయినా నీళ్ల దగ్గరికి తీసుకెళ్లొద్దని హెచ్చరించారు. రోజుకు అర నిమిషం అటూ ఇటూ అయితే పట్టించుకోవద్దన్నారు. ఈ వయసు యంత్రానికి అది తప్పు కాదు.

ఇలాంటి గడియారంతో సుఖం ఆ చిన్న చాకిరీలోనే ఉంది. రోజూ పొద్దున ఒకే వేళకు కీ ఇవ్వాలి. బొటనవేలి కింద స్ప్రింగ్ నెమ్మదిగా బిగుసుకోవడం తెలుస్తుంది. మరిచిపోతే మర్నాటికో ఆ మర్నాటికో ఆగిపోయి ఆ సంగతి చెబుతుంది. గంటకు 18,000 టిక్కులు, అంటే సెకనుకు అయిదు. చుట్టూ నిశ్శబ్దంగా ఉంటే దిండు పక్కన పెట్టినా వినిపిస్తాయి. ఖరీదైన వాచీలకుండే భయం లేదు. బస్సు కడ్డీకి తగిలినా గుండె జారదు.

అధ్యాపకుడు సెల్‌ఫోన్ చూసి టైమ్ సరిచేశారు. కీ తిప్పారు. ముప్పైల్లో ఎక్కడో గట్టిగా ఆగింది. రెండుసార్లు చెవి దగ్గర పెట్టుకుని విన్నారు. పెద్దాయన స్ప్రింగ్ తీసేసిన జనతాకు మూత పెట్టి, పారేయకుండా మళ్లీ రేకు డబ్బాలోనే వేశారు. దాని బ్యాలెన్స్ చక్రం ఇంకా బాగానే ఉందట.