అంబాసిడర్ దగ్గితే ఆటోనగరే!

ఉదయం తొమ్మిదిన్నర. ఉయ్యూరు వైపు నుంచి కంకిపాడు, పెనమలూరు దాటుకుంటూ వచ్చిన తెల్ల అంబాసిడర్ ఒకటి కానూరు చేరేసరికి దగ్గడం మొదలుపెట్టింది. వెనక నీలిరంగు పొగ. పక్కనుంచి వెళ్తున్న బైకు కుర్రాళ్లు ముక్కులు మూసుకున్నారు. స్టీరింగు ముందున్న పెద్దాయన మాత్రం కంగారుపడలేదు. ఇంకాస్త దూరం లాగితే చాలు... విజయవాడ ఆటోనగర్ గేటు వచ్చేస్తుంది. పాడైన బండికి అంతకంటే మంచి ఊరు ఇంకెక్కడుంది?

చెన్నై-కోల్‌కతా రహదారి, హైదరాబాద్-మచిలీపట్నం రహదారి కలిసే ఊరు విజయవాడ. నాలుగు దిక్కుల నుంచీ లారీలు వచ్చే చోట నాలుగు పానాలు పట్టుకున్నవాడికి పనికి కొదవేముంటుంది! అలా 1966లో ఏర్పాటైన జవహర్ ఆటోనగర్ సుమారు 275 ఎకరాల్లో విస్తరించింది. ఆసియాలోనే పెద్దదని బెజవాడ వాళ్లు గొప్పగా చెప్పుకుంటారు. ఆ మాట పక్కన పెట్టి లోపలికెళ్లినా కళ్లు తిరుగుతాయి. ఒక వీధిలో ఉత్త ఛాసిస్‌గా వచ్చిన లారీ, వారాల తర్వాత రంగులేసుకుని, కళ్ల బొమ్మలు దిద్దించుకుని పెళ్లికూతురిలా బయటికి వెళ్తుంది. ఇంకో వీధి అంతా కమాన్ కట్టలే. మరోచోట లేత్ మిషన్ల రొద. రేడియేటర్లకు మాట్లు వేసేవాళ్లు, సీట్లు కుట్టేవాళ్లు, టింకరింగు షెడ్లు, పాత సామాను కొట్లు... గ్రీజు, వెల్డింగ్, ఇరానీ చాయ్ కలగలిసిన ఒక వాసన మనిషిని పొద్దంతా వదలదు.

మన తెల్ల అంబాసిడర్ యజమాని లెక్కల మాస్టారు. రిటైరై చాలా కాలమైంది. 1986లో ఆయన తండ్రి ఉయ్యూరు చక్కెర ఫ్యాక్టరీకి చెరకు తోలిన డబ్బుతో కొన్న మార్క్-4 అది. అంటే బండికి నలభయ్యో ఏడు. డాష్‌బోర్డు అరలో అట్ట ఊడిన నోటుపుస్తకం ఒకటుంటుంది. ఏ రోజు ఆయిల్ మార్చిందీ, ఎప్పుడు పాయింట్లు గీకించిందీ, ఎక్కడ టైరు పంక్చరైందీ అన్నీ అందులో ఉంటాయి. సగం దాకా తండ్రి చేతిరాత. ఆ తర్వాత మాస్టారిది.

ఈ కారు విద్య ఆయనకు సరదాగా అబ్బలేదు, అవసరం నేర్పింది. ఎండాకాలం ఇంజిన్ వేడికి పెట్రోలు దారిలోనే ఆవిరైపోయి బండి ఆగిపోయేది. పెట్రోలు పంపు మీద తడిగుడ్డ కప్పి, చెట్టు నీడన పావుగంట కూర్చుంటే మళ్లీ కదిలేది. డిస్ట్రిబ్యూటర్ పాయింట్ల మధ్య అంగుళంలో వెయ్యోవంతులు పదిహేను ఖాళీ ఉండాలి. కొలిచే గేజి ఇంట్లో మరిచిపోతే అగ్గిపెట్టె అట్టే గేజి! బానెట్ ఎత్తితే పిల్లాడొకడు దిగి నిలబడేంత చోటు. ఏ భాగం ఎక్కడుందో కంటికి కనిపించేది, చేతికి అందేది.

1990ల్లో మాస్టారు సొంతంగా ఒక మారుతి 800 కూడా కొన్నారు. మూడు సిలిండర్లు, 796 సీసీ. 1983 డిసెంబరులో రోడ్డెక్కిన ఆ చిన్న కారు దేశానికే కారు అలవాటు చేసింది. క్లచ్ కేబుల్ తెగితే తప్ప ఆగేది కాదు. కానీ అందులో మరమ్మతుకు పెద్దగా పనే లేకపోవడం ఆయనకు కొంచెం వెలితి! కొన్నాళ్లకు ఎవరో అడిగితే అమ్మేశారు. ఇప్పుడు కొడుకు కారు ఏదైనా మొరాయిస్తే మెకానిక్ ముందు పానా తియ్యడు. స్టీరింగు కింద వైరు గుచ్చి, చేతిలోని స్కానర్ తెర చదువుతాడు. అదీ విద్యే, కాదనలేం. అయితే చెవితో పనిలేదు.

ఆటోనగర్‌లో మాస్టారి బండి ఎరిగిన మేస్త్రికి మాత్రం చెవే స్కానర్.

"రేజ్ చెయ్యండి మాస్టారూ... ఊ... చాలు, ఆపేయండి" అన్నాడు కళ్లు మూసుకుని. తర్వాత సైలెన్సర్ గొట్టంలో వేలు పెట్టి తీసి చూపించాడు. జిడ్డు నలుపు. ఇంజిన్ ఆయిల్ తాగేస్తోంది. రింగులు కాదు, బోరే అరిగిపోయింది.

"బోరింగ్ చేయించేద్దాం" అన్నారు మాస్టారు.

"ఇంకెక్కడి బోరింగ్? ఇప్పటికే నలభై సైజు పిస్టన్లు పడ్డాయి కదా. మీ పుస్తకంలోనే చూడండి."

నిజమే. సిలిండర్ గోడ అరిగినప్పుడల్లా కాస్త కోరి, కాస్త లావు పిస్టన్లు వేస్తారు. అలా కోరుతూ పోతే ఒకచోట గోడే పలచబడిపోతుంది. ఇక మిగిలిన దారి స్లీవ్‌లు. నాలుగు సిలిండర్లలోనూ పోత ఇనుప గొట్టాలు బిగించి, వాటిని మళ్లీ మొదటి కొలతకు కోరాలి. ఖర్చు మాటకొస్తే, బండిని ఇనుము కింద అమ్మినా అంత రాదు.

కొడుకు హైదరాబాద్‌ నుంచి వారంగా అదే పోరుతున్నాడు. "తాతయ్య కారని నాకూ తెలుసు నాన్నా. దాన్ని దగ్గరుండి చూసుకునే ఓపిక మీ తర్వాత ఎవరికుంది?" అని. రిజిస్ట్రేషన్ గడువు కూడా దగ్గరపడింది. పదిహేనేళ్లు దాటిన కారుకు ఐదేళ్లకోసారి పరీక్ష చేయించి పొడిగించుకోవాలి. ఒకప్పుడు అందుకు రుసుము 600 రూపాయలు. 2022 ఏప్రిల్ నుంచి 5 వేలైంది. 2025 ఆగస్టులో ఇరవై ఏళ్లు దాటినవాటికి 10 వేలు చేశారు. పాత బండ్లు తగ్గితే గాలి బాగుపడుతుందన్నది సర్కారు లెక్క. నీలిపొగ కక్కే బండిలో కూర్చుని ఆ లెక్క తప్పని వాదించడం లెక్కల మాస్టారికైనా కష్టమే.

ఆలోచించుకుని చెబుతానని ఆయన పాత సామాను వీధిలోకి నడిచారు. ఎడమ వెనక తలుపు హ్యాండిల్ ఊగిపోయి ఏడాదైంది, అదైనా దొరుకుతుందేమోనని. అక్కడ ఇంకో అంబాసిడర్ ఉంది. కాదు, సగం ఉంది. గ్యాస్ కట్టర్ పట్టుకున్న కుర్రాడు పైకప్పును పనసకాయలా కోస్తున్నాడు. ఇంజిన్ అప్పటికే ఎవరో పట్టుకెళ్లారు.

2014 ఈ పాత కార్లకు కలిసిరాని సంవత్సరం. జనవరిలో మారుతి 800 తయారీ ఆగింది. మే నెలలో పశ్చిమ బెంగాల్‌లోని ఉత్తరపారాలో అంబాసిడర్ ఫ్యాక్టరీ మూతపడింది. జూన్‌లో ‘ఆటోనగర్ సూర్య’ సినిమా విడుదలై ఈ వీధులు వెండితెర మీదికెక్కడం కాకతాళీయం. అప్పటి నుంచీ ఒక అంబాసిడర్ తిరగాలంటే ఇంకో అంబాసిడర్ ఇక్కడ విడిపోవాల్సిందే. ఒకదాని గేర్‌బాక్సు గుంటూరు వెళ్తే, దాని అద్దం ఏలూరు వెళ్తుంది.

"ఏం కావాలి బాబాయ్?" అడిగాడు కుర్రాడు కట్టర్ ఆపి.

మాస్టారు హ్యాండిల్ చూపించారు. కుర్రాడు రెండు నిమిషాల్లో విప్పి ఇచ్చాడు. తలుపు లోపల చిన్నపిల్లలు అంటించిన బొమ్మ స్టిక్కర్ ఒకటి సగం చిరిగి ఉంది. మాస్టారు దాన్ని కాసేపు చూసి, డబ్బిచ్చి, బేరమాడకుండా వచ్చేశారు. బేరమాడకుండా ఆయన ఆటోనగర్‌లో ఏదైనా కొనడం అదే మొదటిసారి కావచ్చు.

"స్లీవ్‌లు వేసెయ్యి మేస్త్రీ."

"అబ్బాయిగారికి చెప్పారా మరి?"

"బండి నడిచాక చెబుదాంలే."

ఇంజిన్ దించడానికి ఒక పూట. బ్లాకును లేత్ షెడ్డుకు తోలి, స్లీవ్‌లు బిగించి తెచ్చేసరికి మరో నాలుగు రోజులు. మాస్టారు రోజూ బస్సెక్కి వచ్చి షెడ్డు ముందు బల్ల మీద కూర్చున్నారు. మేస్త్రి దగ్గర పనిచేసే కుర్రాడికి కార్బురేటర్ కొత్త. వాడు విప్పి పెట్టిన ముక్కల్లో ఏది ఏమిటో మాస్టారే పాఠంలా చెప్పారు. మూడోరోజుకు వాడే బిగించాడు. మేస్త్రి ఒక్క స్క్రూ అటూ ఇటూ తిప్పి, సరేనన్నట్టు తలూపాడు.

ఆరోరోజు సాయంత్రం బండి స్టార్టయింది. పొగ లేదు. మాస్టారు నోటుపుస్తకం తీసి తేదీ వేశారు. కొత్త స్లీవ్‌లు, స్టాండర్డ్ పిస్టన్లు, ఎడమ వెనక తలుపు హ్యాండిల్ అని రాసుకున్నారు. కొత్త బోరు కుదురుకునేదాకా, అంటే వెయ్యి కిలోమీటర్ల వరకు, నలభై దాటించొద్దని మేస్త్రి మరీమరీ చెప్పాడు. మాస్టారు మాట తప్పలేదు. పెనమలూరు చేరేలోపు లారీలు, బస్సులు, చివరికి అరటిగెలల ట్రాలీ ఆటో కూడా హారన్ కొట్టుకుంటూ ఆయన్ని దాటేసి వెళ్లిపోయాయి.