నాదర్‌గుల్‌లో కారవాన్‌కి తోక!

తెరమీద హీరో కారు నడుపుతూ పక్కనున్న హీరోయిన్ కళ్ళలోకి అరనిమిషం అలా చూస్తూనే ఉంటాడు. "అయ్యో, రోడ్డు చూడడేం? దేనికో గుద్దేస్తాడు!" అని మీరెప్పుడైనా కంగారుపడ్డారా? అక్కర్లేదు. బ్లాక్ అండ్ వైట్ రోజుల్లో ఆ కారు చాలాసార్లు స్టూడియోలోంచి కదిలేదే కాదు, వెనక తెరమీద రోడ్డే పరుగెత్తేది. తర్వాత్తర్వాత కెమెరా పెట్టిన బండి ముందుపోతూ హీరోగారి కారుని లాక్కుపోవడం మొదలైంది. అలాంటి షాట్లలో స్టీరింగు తిప్పడం కూడా నటనేనన్నమాట!

ఈ సంగతులన్నీ తెలిసినవాణ్ణనే భ్రమతోనే మా మేనల్లుడు ఒకరోజు ఫోన్ చేశాడు. "మామా, నాదర్‌గుల్ షెడ్డుకి ఒక్కసారి రా. బండి వెనక బండి కట్టాలి."

వాడు షూటింగులకి కారవాన్ అద్దెకిస్తుంటాడు. పాత బస్సు కొని, సీట్లు పీకేసి, ఏసీ, మంచం, బాత్రూము, చుట్టూ బల్బులున్న అద్దం పెట్టించాడు. ఒకప్పుడు ఔట్‌డోర్‌లో ఎంత పెద్ద తారలైనా చీర అడ్డంపెట్టి బట్టలు మార్చుకోవాల్సి వచ్చేది. బొంబాయికి ఈ వ్యానిటీ వ్యాన్ల అలవాటు తెచ్చింది నటి పూనమ్ ధిల్లాన్ అని సినిమావాళ్ళు చెప్పుకుంటారు. ఇప్పుడు చిన్న హీరోకి కూడా కారవాన్ లేకపోతే ముఖానికి రంగు అంటదు!

దిల్‌సుఖ్‌నగర్‌లో బయల్దేరి, సరూర్‌నగర్ మీదుగా కర్మన్‌ఘాట్ చేరి, హనుమంతుడికి స్కూటర్ మీంచే దండం పెట్టి, మీర్‌పేట, బడంగ్‌పేట దాటితే నాదర్‌గుల్. రోడ్డుకి రెండుపక్కలా వెంచర్ల కమాన్లు, వాటి వెనక తెల్లసున్నం కొట్టిన హద్దురాళ్ళు. ఆ ఊరి ఎయిర్‌ఫీల్డు పైలెట్ శిక్షణకి ఎన్నో ఏళ్ళుగా పేరుబడ్డది. ఇంకాస్త ముందుకుపోతే ఆదిభట్ల, అక్కడ అపాచీ హెలికాప్టర్ల ఒళ్ళు తయారవుతుంది. "ఇక్కడెందుకురా షెడ్డు?" అంటే మా వాడి లెక్క వాడిది. బొంగుళూరు దగ్గర ఔటర్ రింగ్ రోడ్డెక్కి పెద్ద అంబర్‌పేటలో దిగితే, 1996లో మొదలైన రామోజీ ఫిల్మ్ సిటీ అక్కణ్ణించి ఎంతో దూరం లేదు. మిగతా స్టూడియోలకి వెళ్ళాలన్నా 158 కిలోమీటర్ల ఆ రింగు ఉండనే ఉంది.

వాడి బాధల్లా ఒక్కటే. కారవాన్ లొకేషన్‌లో ఒకసారి నిలబడితే ప్యాకప్ దాకా కదలదు, పల్లెటూరి సందుల్లోకి అసలే పోదు. నీళ్ళకి, జనరేటర్ డీజిల్‌కి, భోజనాలకి చిన్న ట్రక్కు ఉండాలి. ఉంది కూడా, జనం ఛోటా హాథీ అని ముద్దుగా పిలిచే రకం. దానికి వేరే డ్రైవరు, వేరే డీజిల్, రోజుకింత బేటా. అమెరికాలో ఉన్న వాడి అన్నయ్య, అక్కడివాళ్ళు ఇల్లులాంటి మోటర్‌హోమ్ వెనక చిన్న పికప్ తగిలించుకుని దేశమంతా తిరిగే వీడియో పంపాడు. అంతే, మా వాడికి నిద్రపట్టలేదు.

ఆ చిన్న ట్రక్కు డ్రైవరే కాకా. అరవై దాటిన మనిషి. ఎన్ని సినిమాలకి నీళ్ళు మోశాడో ఆయనకే లెక్క తెలియదు. వెల్డింగ్ మేస్త్రీ ఇనుప కడ్డీ కొలుస్తుంటే ఓ మూల బీడీ చేతిలో పట్టుకుని, వెలిగించకుండా చూస్తూ కూర్చున్నాడు.

"ఇగ నేనెందుకు బిడ్డా? కడ్డీ వచ్చింది గద" అన్నాడు నాతో, నవ్వుతూనే. నాకు జవాబు తోచలేదు.

పని మాత్రం మేస్త్రీ శ్రద్ధగా చేశాడు. కడ్డీని బంపరుకి తగిలిస్తే మొదటి కుదుపుకే బంపరు ఊడి చేతికొస్తుంది. అందుకని చాసిస్‌కే పట్టీ బిగించాడు. పిన్ను విరిగినా బండి రోడ్డు మీద వదిలేసి పోకుండా రెండు గొలుసులు కత్తెరలాగా అడ్డంగా వేశాడు. కారవాన్ బ్రేకు నొక్కితే ట్రక్కు వెనక దీపాలు కూడా వెలగాలని వైరు లాగాడు. స్టీరింగు లాక్ పడకుండా తాళంచెవి పెట్టే ఉంచాలన్నాడు.

అసలు చిక్కు గేరుబాక్సులో ఉంది. న్యూట్రల్‌లో పెట్టి లాగితే సరిపోతుందనుకున్నాను నేను. సరిపోదుట! ఇది వెనక చక్రాలకి శక్తి వెళ్ళే బండి. ఆ చక్రాలు తిరిగితే కింద షాఫ్టు తిరుగుతుంది, దాంతోపాటు గేరుబాక్సు వెనక భాగం తిరుగుతుంది. ఇంజను ఆగి ఉంది కనక లోపల అడుగున ఉన్న పళ్ళచక్రాలు కదలవు. చాలా గేరుబాక్సుల్లో నూనెని పైకి చిమ్మేవి అవే. నాలుగడుగులు లాగితే పరవాలేదు గానీ వంద కిలోమీటర్లు లాగారా, బేరింగులు ఎండి మాడిపోతాయి. లాగిన ప్రతిసారీ కిందికి దూరి షాఫ్టు విప్పాల్సిందే. తెల్లవారుజామున లొకేషన్‌లో ఆ బురదలోకి దూరేదెవరు? మేస్త్రీ మాట్లాడలేదు. మా వాడూ మాట్లాడలేదు.

బ్రేకుల సంగతి నేనే చెప్పాను, స్వానుభవం కనక. చాలా ఏళ్ళ క్రితం ఒక ఔట్‌డోర్‌లో చచ్చిపోయిన వ్యాన్‌ని తాడుతో లాగుతూ నన్ను స్టీరింగు దగ్గర కూర్చోబెట్టారు. ఇంజను ఆగితే బ్రేకుకి సాయంచేసే బూస్టరు కూడా పడుకుంటుందని అప్పుడు నాకేం తెలుసు? ముందు బండి ఆగింది. నేను పెడల్ మీద నిలబడ్డాను. అది రాయిలా ఉంది. నా వ్యాను వెళ్ళి ముందు బండిని ముద్దెట్టుకుంది. సినిమాల్లో ముద్దుకి కత్తెర ఉంటుంది, అక్కడ లేదు.

మర్నాడు ట్రయల్. ఇళ్ళు లేవని పక్కనున్న వెంచరులోకి, యజమానిని అడిగే, తీసుకెళ్ళాం. ట్రక్కు బుద్ధిగా వెనకే వచ్చింది. మా వాడి మొహం శతదినోత్సవం చేసుకున్న నిర్మాతలా వెలిగిపోయింది. రెండు మలుపులు తిరిగాక రోడ్డు అయిపోయింది. ముందు రాళ్ళకుప్ప. వెనక్కి కొట్టాడు. ట్రక్కు ముందు చక్రాలు తమ ఇష్టమొచ్చినట్టు అడ్డంగా తిరిగాయి. కడ్డీ మెలిపడింది, పిన్నులు బిగుసుకుపోయాయి. ఇలా నాలుగు చక్రాలూ నేలమీద ఉంచి లాగే బండిని వెనక్కి తొయ్యడం కుదరదని ఆ వీడియోలో ఎవరూ చెప్పలేదు!

సుత్తితో కొట్టాం, కదల్లేదు. అప్పుడు కాకా లేచాడు. ట్రక్కెక్కి స్టీరింగు పట్టుకుని, "జరంత ముంగటికి... ఆగు... ఇప్పుడు ఇడువు" అంటూ చక్రాలు సరిచేశాడు. పిన్ను టక్కున ఊడొచ్చింది.

ఆ సాయంత్రం నేను ఇంటికొచ్చి నిబంధనలు వెతికాను. ముందే చెయ్యాల్సిన పని లెండి. 1989 రోడ్డు నిబంధనల ప్రకారం లాగదగ్గది చెడిపోయిన బండినో, పూర్తిగా బిగించని బండినో, రిజిస్టరైన ట్రెయిలర్‌నో మాత్రమే. ముందు చక్రాలు నేలమీదుంటే లైసెన్సున్న మనిషి లాగబడే బండిలో కూర్చోవాలి. మధ్య ఖాళీ 5 మీటర్లు దాటకూడదు. వేగం గంటకి 24 కిలోమీటర్లు మించరాదు. 2017లో వాటి స్థానంలో కొత్తవి వచ్చినా, నిక్షేపంలాంటి బండిని డీజిల్ ఖర్చు తప్పుతుందని లాక్కుపోయే వీలు మాత్రం రాలేదు.

ఫోన్ చేసి చదివి వినిపించాను. అవతల చాలాసేపు ఏమీ వినబడలేదు.

"అంటే మామా... కాకా ఎట్లయినా ఉండాల్సిందేనా?"

"బండి చెడిపోతే కూడా ఉండాల్సిందేరా."

వారం తర్వాత తెల్లవారుజామున వాళ్ళు ఫిల్మ్ సిటీ షూటింగుకి బయల్దేరుతుంటే నేనూ వెళ్ళాను. ముందు కారవాన్, వెనక తన ఇంజను మీద తానే నడుస్తూ ఛోటా హాథీ. కాకా కిటికీలోంచి చెయ్యూపాడు. ఈసారి బీడీ వెలుగుతోంది. మేస్త్రీ చేసిన కడ్డీ కారవాన్‌లోనే ఉంది. దాన్ని రెండు స్టాండ్ల మధ్య పెట్టి కాస్ట్యూమర్ తడిసిన బట్టలు ఆరేస్తున్నాడుట.