ఇంటి పన్నులో ఎనిమిది పైసలు

ఇంటి పన్ను కట్టాక రసీదు మడిచి బీరువాలో పెట్టేస్తాం. ఈసారి పెట్టేముందు ఒకసారి విప్పి చూడండి. ఇంటి పన్ను పక్కనే గ్రంథాలయ పన్ను అని ఇంకో అంకె కనిపిస్తుంది. రూపాయి పన్నుకి 8 పైసలు. రెండు వేలు కట్టే ఇంటి వాటా ఏడాదికి 160 రూపాయలు. 1960 నాటి గ్రంథాలయాల చట్టం మేరకు ఈ సొమ్మును పంచాయతీ, మున్సిపాలిటీ వసూలు చేసి జిల్లా గ్రంథాలయ సంస్థకు జమ చేయాలి. శాఖా గ్రంథాలయాల్లో కొత్త పుస్తకాలకీ, రోజూ వచ్చే పేపర్లకీ, కరెంటు బిల్లుకీ ఈ డబ్బే ఆధారం. చదివే అలవాటున్నా లేకపోయినా సొంతిల్లు ఉన్న ప్రతి ఒక్కరూ ఊరి గ్రంథాలయాన్ని పోషిస్తున్నవాళ్లే. ఆ సంగతి మనలో చాలామందికి తెలియకపోవడమే నా బాధ.

రాజమండ్రి ఇప్పుడు రాజమండ్రిలో ఆగలేదు. ఇటు మోరంపూడి, హుకుంపేట, అటు కాతేరు, కొంతమూరు, కింద ధవళేశ్వరం దాకా ఇళ్లు కలిసిపోయాయి. నిన్నటి పొలాలూ తోటలూ ఇవాళ కాలనీలు. కాలనీ వెలిసిన రెండు మూడేళ్లకల్లా గుడి వస్తుంది, మంచినీళ్ల ప్లాంటు వస్తుంది, బడి బస్సు వీధి మలుపులోకి వస్తుంది. 2019 అక్టోబరు 2 నుంచి గ్రామ, వార్డు సచివాలయాలు వచ్చాయి. సర్టిఫికెట్టుకీ పింఛనుకీ ఆఫీసుల చుట్టూ తిరిగే పని తగ్గింది. గ్రంథాలయం మాత్రం పాత ఊళ్లో, పాత గదిలో ఉండిపోయింది. కొత్త కాలనీలో పదిమందిని ఆపి గ్రంథాలయం ఎక్కడని అడిగితే దారి చెప్పగలిగేవాళ్లు అరుదు.

చట్టమూ పన్నూ లేని రోజుల్లోనే ఈ గోదావరి డెల్టా గ్రంథాలయాలు పెట్టుకుంది. భీమవరం దగ్గర కుముదవల్లి వరిచేల మధ్య చిన్న ఊరు. అక్కడ 1897లో భూపతిరాజు తిరుపతిరాజు గారు వీరేశలింగం గారి పేరిట గ్రంథాలయం నెలకొల్పారు. ఆ మరుసటి ఏడాది రాజమండ్రిలో, ఇరవై ఏళ్లు కూడా నిండని నాళం కృష్ణారావు గారు వసురాయకవి పేరుతో ఇంకొకటి మొదలుపెట్టారు. అదే తర్వాత రత్నకవి గ్రంథాలయంతో కలిసి గౌతమీ గ్రంథాలయమైంది. తాళపత్రాల దగ్గర్నుంచి పాత పత్రికల దాకా అక్కడ దొరికే సరుకు కోసం పరిశోధకులు ఎక్కడెక్కడి నుంచో వస్తారు. గ్రంథాలయోద్యమానికి జీవితం ధారపోసిన అయ్యంకి వెంకటరమణయ్య గారు మన తూర్పుగోదావరి కొంకుదురులోనే పుట్టారు. 1914 ఏప్రిల్ 10న బెజవాడలో తొలి ఆంధ్రదేశ గ్రంథాలయ సభ జరిగితే అధ్యక్షత వహించింది చిలకమర్తి లక్ష్మీనరసింహం గారు. చూపు పోయినా ఒకరు చదువుతుంటే విని, తాను చెబుతూ రాయించి అన్ని పుస్తకాలు ఇచ్చిన మనిషి ఆయన. పుస్తకం విలువ గురించి మాట్లాడే అర్హత ఆయనకంటే ఎవరికుంది? పక్కనే కృష్ణా డెల్టాలో 1935లో పాతూరి నాగభూషణం గారు ఏకంగా పడవలో పుస్తకాలు నింపి కాలువ వెంట ఊళ్లకు తిప్పారు. పాఠకుడు రాలేకపోతే పుస్తకమే వెళ్లాలన్నది ఆ తరం పట్టుదల.

ఇవాళ మామూలు శాఖా గ్రంథాలయంలోకి ఒక సాయంత్రం వెళ్లి కూర్చోండి. పొడుగాటి బల్ల, దాని మీద విడివిడి కాగితాలుగా పంచుకున్న దినపత్రిక. "జిల్లా పేజీ అయిపోతే ఇలా ఇవ్వు బాబూ" అంటారు పెద్దాయన. "ఆయ్, తీసుకోండి తాతగారూ" అని అందించి ఆ కుర్రాడు మళ్లీ తన గ్రూప్-2 పుస్తకంలోకి తల దూర్చేస్తాడు. ఇంట్లో ఒకే గది, అందులోనే టీవీ, తమ్ముళ్లూ చెల్లెళ్లూ ఉన్న కుర్రాడికి ఆ బల్ల దగ్గరి కుర్చీయే చదువుకునే గది. డీఎస్సీకీ కానిస్టేబుల్ ఉద్యోగానికీ తయారయ్యేవాళ్లు కోచింగ్ ఫీజు కట్టలేక ఇక్కడికే వస్తారు. రిటైరైనవాళ్లకు ఇది రోజుకి ఓ గంట మనుషుల మధ్య గడిపే చోటు.

అక్కడి బీరువాలోంచి ఓ నవల తీసి చివరి అట్ట లోపలివైపు చూడండి. అక్కడ అతికించిన చీటీ మీద గడువు తేదీల ముద్రలు వరసగా ఉంటాయి. పై వరసల్లో తేదీకీ తేదీకీ మధ్య పది పదిహేను రోజులే తేడా. అంటే పుస్తకం ఒక ఇంట్లోంచి వచ్చి ఇంకో ఇంటికి వెళ్లిపోయేది. కిందికి వచ్చేకొద్దీ నెలలు, ఆ తర్వాత ఏళ్లు. చీటీలో సగం ఖాళీగా మిగిలింది. ఏ లెక్కలూ అక్కర్లేదు, మన ఊరి చదువు ఎక్కడ ఆగిందో ఆ చీటీయే చెబుతుంది.

తప్పు పాఠకులదే అనను. వసూలైన గ్రంథాలయ పన్ను చాలాచోట్ల గ్రంథాలయ సంస్థకు చేరక బకాయిగా ఉండిపోతోంది. డబ్బు రాకపోతే కొత్త పుస్తకాలు రావు. ఖాళీ పోస్టులు నింపకపోవడంతో ఒకే గ్రంథాలయాధికారి రెండు మూడు చోట్ల చూసుకోవాల్సి వస్తుంది. ఒక చోట తలుపు తీస్తే ఇంకో చోట తాళం. తాళం చూసి రెండుసార్లు వెనక్కి వెళ్లిన మనిషి మూడోసారి రాడు. ఆ తర్వాత "జనం ఎవరూ రావడం లేదు" అనే మాట ఫైలులో చేరుతుంది. అదే సాకుగా నిధులు ఇంకా తగ్గుతాయి.

ఎండలు ముదరగానే మన వీధి చివర చలివేంద్రం పెడతాం. కుండ దగ్గర కులం, ఊరు, అద్దెవాడా సొంతింటివాడా అని ఎవరూ అడగరు. గ్రంథాలయం కూడా అలా నడిచేదే. తేడా అల్లా ఒక్కటే, ఇది ఏడాది పొడుగునా ఉండాలి. శివారు కాలనీకి ఇది ఇంకా అవసరం. పక్క ఫ్లాటులో ఎవరుంటారో తెలియని చోట, ఏమీ కొనకుండా ఎవరైనా వచ్చి కూర్చోగల నీడపట్టు గుడి తర్వాత గ్రంథాలయమే.

అందుకని చేతులెత్తి అడుగుతున్నాను. ముందు మీ శాఖా గ్రంథాలయం ఎక్కడుందో కనుక్కోండి. కొద్దిపాటి డిపాజిట్టు కట్టి ఇంట్లో ఒక్కరి పేరునైనా సభ్యత్వం తీసుకోండి. వేసవి సెలవుల్లో పిల్లల్ని తీసుకెళ్లండి; నవంబరు 14 నుంచి 20 వరకు గ్రంథాలయ వారోత్సవాలు జరుగుతాయి, అప్పుడూ తీసుకెళ్లండి. కావలసిన పుస్తకం లేకపోతే ఊరుకోకుండా దాని పేరు రాసి ఇవ్వండి. గ్రామసభలో లేచి, లేదా మీ వార్డు కౌన్సిలరు కనిపించినప్పుడు, ఒక్క ప్రశ్న అడగండి: మా దగ్గర వసూలు చేసిన గ్రంథాలయ పన్ను ఎంత, అందులో సంస్థకు జమైంది ఎంత? మా కాలనీకి ఒక గదీ, నాలుగు బీరువాలూ, రెండు పేపర్లూ ఎప్పుడిస్తారని కూడా అడగండి. రూపాయికి 8 పైసలు కడుతున్నవాళ్లకి ఆ ప్రశ్న అడిగే హక్కు పూర్తిగా ఉంది.