రెడ్‌హిల్స్‌లో ఐదో వారం

లకడీకాపూల్‌ నుంచి నీలోఫర్‌ దవాఖాన వైపు నడిస్తే రెడ్‌హిల్స్‌లో ఎంఎన్‌జే క్యాన్సర్‌ ఆస్పత్రి. 1955లో మొదలైంది. హైదరాబాద్‌ రాష్ట్రంలో మంత్రిగా పనిచేసి, తర్వాత గుజరాత్‌కు తొలి గవర్నర్‌ అయిన మెహదీ నవాజ్‌ జంగ్‌ పేరు దీనికి పెట్టారు. తెలంగాణ జిల్లాల నుంచే కాదు, రాయలసీమ నుంచి, కర్ణాటక సరిహద్దు ఊళ్ల నుంచి కూడా ఇక్కడికి వస్తారు. అరబిందో ఫార్మా ఫౌండేషన్‌ కట్టించిన కొత్త బ్లాకుతో 2023లో మరో 300 పడకలు చేరాయి.

నేను వెళ్లింది నా దోస్తు కోసం. మిర్యాలగూడలో ఆటో నడుపుతాడు. బడిలో ఇద్దరిదీ ఒకే బెంచీ. చెంప లోపల పుండు ఎంతకీ మానకపోతే ముక్క తీసి పరీక్ష చేశారు, క్యాన్సరని తేలింది. ఆపరేషన్‌లో చెంప లోపలి భాగంతో పాటు దవడ ఎముక కొంత తీసేశారు. ఇప్పుడు 30 సిట్టింగుల రేడియేషన్‌, వారానికోసారి సిస్‌ప్లాటిన్‌ అనే కీమో మందు. ఆపరేషన్‌ రోజుల్లో మా ఊరి వాళ్లు గుంపులుగా వచ్చి చూసిపోయారు. కొబ్బరిబోండాలు, బత్తాయిలు, బ్రెడ్డు ప్యాకెట్లు మంచం కింద పట్టలేదు. ఐదో వారంలో నేను వెళ్లేసరికి వాడి పక్కన వాళ్లావిడ, నాకు చెల్లె వరస, ఒక్కతే ఉంది.

జనం వచ్చే రోజులు వేరు, బాధ ముదిరే రోజులు వేరు. రేడియేషన్‌ మొదటి వారం పెద్దగా ఏమీ తెలియదు. రెండు మూడు వారాలకు నోరు పూస్తుంది. ఆపైన పుండ్లు పడతాయి, రుచి పోతుంది, ఉమ్మి చిక్కబడి తీగలా సాగుతుంది, మెడ చర్మం నల్లబడి పొరలుగా లేస్తుంది. చివరి వారాల్లో గుటక వేయడమే గండం. సరిగ్గా అప్పటికి ఫోన్లు కూడా ఆగిపోతాయి. దోస్తులమని చెప్పుకునేవాళ్లం రావలసింది అప్పుడే.

పొద్దున్నే రేడియేషన్‌ గది బయట కూర్చున్నాం. ఒక్కొక్కరికీ వాళ్ల మొహం కొలతకు చేసిన మాస్కు ఉంటుంది. వేడినీళ్లలో మెత్తబడే ప్లాస్టిక్‌ వలను మొహం మీద పరిచి, చల్లబడి గట్టిపడేదాకా ఉంచి చేస్తారు. రోజూ దాన్ని తొడిగి బల్లకు బిగిస్తారు, తల వెంట్రుకవాసి కూడా కదలకుండా. లోపల పడుకునేది కాసేపే, ఆ కాసేపట్లో నొప్పీ ఉండదు. మందమైన తలుపు మూసుకున్నాక వాడు లోపల, మనం బయట.

“బరువు తగ్గొద్దన్నరన్నా,” అంది చెల్లె. “తగ్గితే మాస్కు వదులైతదంట. మళ్ల కొత్తగ చెయ్యాలంట.”

వాడికి తిండి పెట్టడానికి ఆమె ఎందుకంత తండ్లాడుతోందో నాకప్పుడు అర్థమైంది. మొహం చిక్కిపోతే మాస్కు సరిగ్గా కూర్చోదు, మాస్కు కూర్చోకపోతే కిరణం పడాల్సిన చోట పడదు. మళ్లీ కొలతలు, మళ్లీ స్కాను. ఆ లోపు రోజులు పోతాయి. రేడియేషన్‌ మధ్యలో ఆగితే మిగిలిన క్యాన్సర్‌ కణాలు మళ్లీ పుంజుకుంటాయి. అంటే ముక్కులోంచి వేసిన పైపు గుండా ఆమె సిరంజితో పోసే రాగిజావ, పల్చటి పప్పుకట్టు, గిలక్కొట్టిన గుడ్డు కూడా వైద్యంలో భాగమే. నేనూ నేర్చుకున్నాను: తలవైపు ఎత్తుగా ఉంచాలి, గబగబా తోయకూడదు, చివర నీళ్లు పోసి పైపు కడగాలి. ఉప్పు, వంటసోడా కలిపిన నీళ్లతో రోజుకు చాలాసార్లు నోరు పుక్కిలించాలి. దవడ బిగుసుకుపోకుండా ఐస్‌క్రీం పుల్లలు ఒకదాని మీద ఒకటి పేర్చి పళ్ల మధ్య పెట్టుకోవాలి, ఓపికను బట్టి మరో పుల్ల పెంచాలి. పుండ్ల నోటితో ఈ పని ఎవరికి వాళ్లు చేసుకోలేరు. పక్కన ఒకరు కూర్చుని, విసుక్కోకుండా చేయించాలి.

నొప్పికి మార్ఫిన్‌ రాశారు. ఆ పేరు వినగానే చెల్లె భయపడింది, అలవాటు పడతాడేమో, ఇది ఆఖరి రోజుల మందేమోనని. డాక్టర్‌ చెప్పినట్టు వేసుకుంటే ఆ భయం అక్కర్లేదనీ, మలబద్ధకానికి మాత్రం తోడుగా మందు వాడాలనీ నర్సు ఓపిగ్గా చెప్పింది. ఈ మందు రోగులకు సులువుగా అందాలనే 2014లో మాదకద్రవ్యాల చట్టాన్ని సవరించారు. నొప్పి తగ్గితేనే గుటక, గుటక పడితేనే బలం. ఓర్చుకోమని చెప్పేవాళ్ల మీద నాకు కోపం.

వాడు మాట్లాడలేడు, నోట్‌బుక్‌లో రాస్తాడు. పరామర్శకు వచ్చినవాళ్లు ఏమన్నారని అడిగితే ‘గుట్కా తిన్నందుకే అన్నరు’ అని రాశాడు. ఇంకొకరు ఏదో ఆకుపసరు చెప్పి పోయారట. నేనేమీ అనలేదు. ఆటోల యూనియన్‌ సంగతులు, చెరువు నిండిన సంగతి చెప్పాను. వాడికి కావలసింది అదేనని కళ్లల్లో తెలిసింది.

రోగుల వెంట వచ్చేవాళ్ల కోసం హైదరాబాద్‌ సర్కారు దవాఖానల్లో ఐదు రూపాయల భోజనం 2022లో మొదలుపెట్టారు. ఎంత మేలో వరుసలో నిలబడ్డవాళ్ల మొహాల్లో కనిపిస్తుంది. కానీ వరుసలో నిలబడాలంటే రోగి పక్కన ఇంకొకరుండాలి. చెల్లె అన్ని పూటలూ బిస్కెట్లతో గడిపింది. ఆమె బీపీ మాత్రలు అయిపోయి ఎన్నాళ్లయిందో ఆమెకే గుర్తులేదు. తెచ్చిచ్చాను. మధ్యాహ్నం ఆమెను అన్నానికి పంపి, వచ్చాక చాప పరిచి పడుకొమ్మన్నాను. సాయంత్రం దాకా లేవలేదు.

ఆరోగ్యశ్రీ పరిమితి 2023 డిసెంబరులో 10 లక్షలు అయింది కాబట్టి వైద్యం ఖర్చుకు వెతుక్కోలేదు. ఆటో కిస్తీ, పిల్లల ఫీజు, ఇంటి కిరాయి ఏ కార్డులోనూ రావు. ఆ రాత్రి మా బ్యాచ్‌ నలుగురం ఫోన్లోనే పంచుకున్నాం: ఒకడు ఆటో నడిపి కిస్తీ కడతాడు, ఒకడు పిల్లల సంగతి చూస్తాడు, మిగతా ఇద్దరం వంతులవారీగా దవాఖానలో. చెల్లె వారానికి రెండు రోజులు ఇంటికి పోయి పిల్లల దగ్గర ఉండాలి. వద్దంది, ఒప్పించాం.

సిట్టింగులు ముగిశాక కూడా రెండు మూడు వారాలు పుండ్లు అలాగే ఉంటాయని, ఒక్కోసారి ఇంకా పెరుగుతాయని డాక్టర్‌ చెప్పారు. మూడు నెలలకు స్కాన్‌ తీస్తారు. అందుకని వంతుల కాగితం డిశ్చార్జి రోజు దగ్గర ఆపకుండా స్కాన్‌ తేదీ దాకా రాసి చెల్లె ఫోన్‌కు పంపాం. ఆదివారం నుంచి కోదాడ దోస్తు వంతు. పైపులో జావ ఎట్లా పోయాలో వాడికి వీడియో కాల్‌లో చూపించాను.