ఎండాకాలంలో ఊలు కబుర్లు

ఊలు టీషర్టు అనగానే మొహం చిట్లించారు కదూ? చూశాన్లెండి. ఈ ఎండల్లో ఊలేమిటి, ఈయనకి మతి గానీ పోయిందా అని మీరు అనబోతున్నారు. ఆగండి. కాఫీ తెచ్చుకుని ఇలా కూర్చోండి. మెరినో గొర్రె ఊలు సంగతి ఎవరికో ఒకరికి చెప్పకపోతే నాకు తోచేలా లేదు.

ముందు ఆ దురద గొడవ తేల్చేద్దాం. చిన్నప్పుడు ఎవరో పెద్దమ్మ అల్లిపెట్టిన స్వెట్టరు గుర్తుందా? మెడ దగ్గర గీరుకునేది, మోచేతుల దగ్గర గుచ్చుకునేది. అది వేసుకున్న పాపానికి మనం ఊలుజాతి మొత్తాన్నీ వెలివేశాం! దురద పెట్టేది ఊలు కాదండీ, ఊలు పోగు లావు. దాన్ని మైక్రాన్లలో కొలుస్తారు. మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు. పోగు 30 మైక్రాన్ల దాకా వచ్చిందంటే దాని కొన వంగదు, ఒంట్లో పొడుస్తుంది. మంచి మెరినో టీషర్టులో పోగు 17, 18 మైక్రాన్లే. ఒంటికి తగలగానే ఒంగిపోతుంది. మన తలవెంట్రుకలో మూడో వంతో నాలుగో వంతో అన్నమాట. ఇప్పుడు వెంట్రుక పీకి చూడక్కర్లేదు, ఉన్నవాటిని ఉండనివ్వండి.

అసలు వేడికీ ఊలుకీ పడదని ఎవరు చెప్పారు మీకు? మెదక్, మహబూబ్‌నగర్ వైపు కురుమ కాపరిని అడగండి. భుజాన గొంగడి లేనిదే మంద వెంట కదలడు. ఎండైనా అదే, వానైనా అదే, రాత్రి పడకా అదే. దక్కనీ గొర్రె బొచ్చు వడికి, నేసి, చింతగింజల గంజి పట్టించి బిరుసు తెప్పిస్తారు. గొంగడి చాలా ముతక, ఒప్పుకుంటాను. అయినా ఎండలో ఊలు కప్పుకోవడం మనకి కొత్త కాదు. మన నెల్లూరు గొర్రెకి మాత్రం ఊలే రాదు, ఒంటినిండా పొట్టి వెంట్రుకలే. పాపం, దాన్ని ఈ కబుర్లలోకి లాగడం లేదు.

ఇక చెమట. ఇక్కడే నాకు ఉత్సాహం ఆగదు. ఊలు పోగు పైపొర నీటి చుక్కని లోపలికి రానివ్వదు. ఆవిరిని మాత్రం గుటుక్కున మింగేస్తుంది. తన బరువులో మూడో వంతు దాకా తేమ దాచుకుని కూడా చేతికి పొడిగానే తగులుతుంది. వాసన పుట్టించే పదార్థాలు కూడా పోగు లోపలే ఇరుక్కుంటాయి. పాలిస్టర్ అలా కాదు. చెమటనీ జిడ్డునీ పైనే ఉంచుకుని బాక్టీరియాకి విస్తరి వేస్తుంది. జిమ్ముకి వేసుకెళ్ళే ఆ మెరుపు చొక్కా సాయంత్రానికి ఎలా తయారవుతుందో మీ ఇంట్లోవాళ్ళే చెబుతారు. మెరినోని రాత్రి గాలికి ఆరేస్తే చాలు, పొద్దున మళ్ళీ వేసుకోవచ్చు. వరసగా నాలుగైదు రోజులు ఉతక్కుండా తొడిగేవాళ్ళు బోలెడుమంది. ఛీ అనకండి. ముక్కు దగ్గర పెట్టుకుని చూశాక అనండి.

ఇప్పుడు ప్రయాణం లెక్క చూద్దాం. అమెరికాలో పిల్లల దగ్గరికి వెళ్తున్నారనుకోండి. పెట్టె బరువు 23 కిలోలు దాటకూడదంటారు. అందులో ఆవకాయ ఉండాలి, కందిపొడి ఉండాలి, మనవరాలికి పట్టులంగా ఉండాలి. మీ చొక్కాలకి చోటేదీ? మెరినోవి మూడు మడతపెట్టి ఓ మూల దోపండి చాలు. ఆ మిగిలిన చోట్లో ఇంకో సీసా గోంగూర పడుతుంది! పైగా నలగవు. ఈ పోగుకి పుట్టుకతోనే మెలికలుంటాయి, నలిగినా స్ప్రింగులా మళ్ళీ లేస్తాయి. విమానంలో చలి, బయట ఎండ, మాల్లో మళ్ళీ చలి. అన్నిటికీ ఆ ఒక్క చొక్కాయే.

ఇంత మంచి ఊలుని ఇచ్చే గొర్రె ఎలాంటిదో తెలుసుకోవద్దూ? ఒకప్పుడు ఇది స్పెయిన్ సొత్తు. 18వ శతాబ్దం దాకా సరిహద్దు దాటనివ్వలేదు. 1797లో ఆస్ట్రేలియాలో దిగింది, ఆ తర్వాత న్యూజీలాండ్ కొండలెక్కింది. ఆ న్యూజీలాండ్‌లోనే ష్రెక్ అని ఓ మెరినో పొట్టేలుండేది. దానికి కత్తెరంటే గిట్టదు. బొచ్చు తీసే కాలం రాగానే కొండగుహల్లో దాక్కునేది. అలా ఆరేళ్ళు దొరకలేదు. చివరికి 2004లో పట్టుకుంటే, అది గొర్రో బొంతో తెలీలేదట. టీవీలో దేశమంతా చూస్తుండగా బొచ్చు తీశారు. ఎంత వచ్చిందనుకున్నారు? 27 కిలోలు! మామూలుగా ఒక మెరినోకి ఏడాదికి నాలుగైదు కిలోలొస్తే గొప్ప. తర్వాత ష్రెక్‌గారు పార్లమెంటుకెళ్ళి అప్పటి ప్రధాని హెలెన్ క్లార్క్‌ని కూడా కలిశారు. అంతటితో ఆగారా? 2006లో తీరం దగ్గరికి తేలివచ్చిన మంచుకొండ మీద నిలబెట్టి రెండోసారి క్షవరం చేశారు. మంచుకొండ మీద క్షవరమండీ! రాజులకైనా జరిగిందా ఆ వైభోగం?

ఉతకడం అంటారా? అదేం బ్రహ్మవిద్య కాదు. చన్నీళ్ళు చాలు. మామూలు డిటర్జెంటు పొడి వద్దు. అందులో రక్తం మరకల్నీ గుడ్డు మరకల్నీ కరిగించే ఎంజైములుంటాయి, అవి ఊలునీ కొరుకుతాయి. ఎందుకంటే ఊలు కూడా మాంసకృత్తే, మన జుట్టుదీ ఆ జాతే. అందుకే హోటల్లో ఇచ్చే షాంపూ దీనికి దివ్యంగా సరిపోతుంది. ఇంట్లో అయితే కుంకుడురసం ఉండనే ఉంది. పట్టుచీరలకి వాడతారే, అదే. నలుసుల్లేకుండా వడగట్టి, ముదురు రంగు చొక్కాలకి వాడండి. వేణ్ణీళ్ళలో వేసి బాదారో, పోగు మీది పొలుసులు ఒకదానికొకటి పెనవేసుకుని చొక్కా కాస్తా మనవడికి సరిపోతుంది. పిండనూ వద్దు. పొడి తువ్వాల్లో పరిచి, చాపలా చుట్టి, దాని మీద మోకాలేసి నొక్కండి. నీరంతా తువ్వాలు తాగేస్తుంది. ఆ తర్వాత నీడపట్టున పరిస్తే పల్చటిది తెల్లారేసరికి ఆరుతుంది.

చిల్లుల సంగతి కూడా చెప్పేస్తాను, దాచడమెందుకు? పల్చటి మెరినో బెల్టు బకిల్ దగ్గరా, సంచీ పట్టీ రాసుకునే చోటా తొందరగా సన్నచిల్లులు పడుతుంది. పువ్వులా పల్చగా ఉండాలి, జీన్సులా గట్టిగా ఉండాలి అంటే గొంగట్లో తింటూ వెంట్రుకలు ఏరినట్టే. గట్టిదనం కావాలంటే కొంచెం నైలాన్ కలిపినవి దొరుకుతాయి, అవి తీసుకోండి. ఊలు తినే పురుగులకి కూడా ఇదంటే మహా ప్రీతి. ఉతక్కుండా బీరువాలో పెట్టకండి, అప్పుడప్పుడూ తీసి ఎండ చూపించండి.

మే నెల మిట్టమధ్యాహ్నం, విజయవాడలో, ఇంట్లో ఫ్యాను కింద అంటారా? అప్పుడు పల్చటి నూలు బనీనే రాజు. అక్కడ నేను వాదించను. బస్సెక్కాలి, రైలెక్కాలి, కొండెక్కాలి, చెమటోడ్చి మళ్ళీ ఏసీలో కూర్చోవాలి అంటే మాత్రం మెరినోకి సాటి లేదు.

ధర వేలల్లోనే ఉంటుంది, కాబట్టి ఒక్కటే కొనండి. ముదురు నీలమో బూడిదరంగో చూసుకోండి. చీటీ మీద చదరపు మీటరుకి 150 గ్రాములని ఉందో లేదో చదవండి, 200 గ్రాములది మనకి బరువు. గొర్రె వెనకభాగం చర్మం కోయకుండా పెంచిన మంద ఊలేనా అని కూడా అడగండి. న్యూజీలాండ్‌లో ఆ కోత 2018లోనే నిషేధించారు. ఈసారి ఊరెళ్ళేటప్పుడు అదే వేసుకెళ్ళి, అదే వేసుకుని రండి. రెండోది కొనాలో వద్దో అప్పుడు మీరే చెబుదురుగాని.