తిన్నర్ వాసన

మా బాబాయి బెజవాడ ఆటోనగర్లో లారీలకి స్ప్రే పెయింట్ కొట్టేవాడు. పొద్దున్నే పెదపారుపూడిలో బస్సెక్కి ఉయ్యూరులో దిగి, అక్కణ్ణించి బందరు రోడ్డు మీద ఇంకో బస్సు పట్టుకుని వెళ్ళేవాడు. రాత్రి గుమ్మంలోకి ముందు వాసన వచ్చేది, ఆ వెనకాల ఆయన వచ్చేవాడు. తిన్నర్ వాసన. చిన్నప్పుడు నాకది భలే ఇష్టం. ఆయన చొక్కాకి ముక్కు ఆనించి గట్టిగా పీల్చేవాణ్ణి.

కాళ్ళు కడుక్కోగానే పిన్ని చేతిలో బెల్లం ముక్క పెట్టేది. దుమ్మూ పొగా పీల్చే పని చేసేవాళ్ళు బెల్లం తింటే లోపలికి పోయిందంతా కడుక్కుపోతుందని నమ్మకం. చెరుకు పండే ప్రాంతం, ఉయ్యూరు పంచదార ఫ్యాక్టరీ పక్కనే, ఇంక ఆ మందుకి కొదవేముంది? బెల్లం దిగే గొట్టం వేరు, గాలి దిగే గొట్టం వేరు అని ఏడో తరగతి సైన్సు పుస్తకంలో బొమ్మ చూసి నేను చెప్పాను కూడా. "తినేదానికి అడ్డం పడకురా," అన్నాడు బాబాయి.

పనిలో ఆయన మూతికి ఒక కర్చీఫ్ కట్టుకునేవాడు. సాయంత్రానికి దాని మీద ఆ రోజు లారీ రంగు ఉండేది. రంగంతా కర్చీఫ్ మీదే ఆగిపోయిందని ఆయన లెక్క.

ఇప్పుడు నేను హైదరాబాద్‌లో ఉంటున్నాను. (ఊరి పేరు చెప్పగానే "రామోజీరావు గారి ఊరా?" అంటారు. అవును, అదే.) లాక్‌డౌన్‌లో కాలక్షేపానికి ఒక మిగ్-21 కిట్టు తెప్పించుకున్నాను, 1/72 స్కేలు. అది అయ్యాక ఇంకోటి. చివరికి కిట్లు చాలక, ప్లాస్టిక్ షీట్లు కోసి 1/24 స్కేలులో ఒక లారీ మొదలుపెట్టాను. బాబాయి రంగులేసిన లాంటి లారీ. పసుపు క్యాబిన్, ఎర్ర బంపరు.

స్కేల్ మోడల్‌కి కుంచె ఎందుకు పనికిరాదు అంటే చిన్న లెక్క ఉంది. 1/24 బొమ్మ మీద రంగు పదో వంతు మిల్లీమీటరు మందం పడిందనుకోండి, అసలు లారీ మీద రెండున్నర మిల్లీమీటర్ల పూత పూసినట్టు. డోరు గీతలు, రివెట్లు అన్నీ పూడుకుపోతాయి. అందుకని ఎయిర్‌బ్రష్ కొన్నాను, చిన్న కంప్రెసర్ కొన్నాను. తడి రంగు మీద దుమ్ము పడకుండా బాల్కనీ అద్దాలు మూసేశాను. లాకర్ రంగులో తిన్నర్ కలిపి, కరోనాలో మిగిలిన ఎన్95 పెట్టుకుని గంటన్నర కొట్టాను. పసుపు అద్దంలా వచ్చింది. ఆ రాత్రి తలనొప్పి, తర్వాత రెండు రోజులు గొంతులో గరగర, దగ్గు.

మూడో రోజు ఫోన్లో నా దగ్గు విని బాబాయి అడిగాడు, "ఏరా, పెయింట్ కొట్టావా?" అని. వాతావరణం మారిందా అని కాదు, తిన్నావా అని కాదు. ఆ ప్రశ్నకి నాకు కొంచెం భయమేసింది. ఎందుకంటే ఆయన చేతిలో అప్పటికే ఇన్‌హేలర్ ఉంది.

అప్పుడు కూర్చుని చదివాను, సిగ్గుపడుతూనే. స్ప్రేలో వచ్చేవి రెండు. ఒకటి తుంపర. అందులో పెద్ద చుక్కలు ముక్కులోనో గొంతులోనో ఆగుతాయి, రెండు మూడు మైక్రాన్ల కంటే చిన్నవి ఊపిరితిత్తుల అడుగుదాకా పోతాయి. రెండోది ఆవిరి, టాల్వీన్, జైలీన్ లాంటివి. ఎన్95 తుంపరని ఆపుతుంది, ఆవిరికి దారి వదిలేస్తుంది. మాస్కు పెట్టుకున్నా నాకు వాసన వచ్చిందంటే ఇదన్నమాట. ఆవిరికి యాక్టివేటెడ్ కార్బన్ క్యాట్రిడ్జ్ కావాలి, దాని మీద తుంపరకి ఇంకో ఫిల్టరు. రెండూ బిగించే రబ్బరు హాఫ్ మాస్కు ఒక మంచి కిట్టు ఖరీదులో వస్తుంది. కిట్టు కొన్నప్పుడు చెయ్యి వణకలేదు కానీ, దీనికి వారం ఆలోచించాను.

గడ్డం ఉంటే రబ్బరు చర్మానికి అతుక్కోదు, పక్కల్నించి గాలి లోపలికొస్తుంది. ఆరేళ్ళు పెంచిన గడ్డం తీసేశాను. ఆఫీసులో ఏదో సంబంధం చూస్తున్నారని అనుకున్నారు. పెట్టుకున్నాక క్యాట్రిడ్జ్‌లని అరచేతుల్తో మూసి మెల్లగా గాలి పీల్చాలి. మాస్కు మొహానికి లాక్కుని అలాగే నిలిస్తే సరిగ్గా కూర్చున్నట్టు. పని అయ్యాక దాన్ని బల్ల మీద వదిలెయ్యకూడదు. కార్బన్ ఊరికే ఉండదు, గదిలో గాలిని కూడా పీల్చుకుంటూ అరిగిపోతుంది. గాలి చొరని డబ్బాలో పెట్టాలి, ఆవకాయ జాడీలా. నీళ్ళ రంగులైతే ఈ గొడవ లేదనుకోకండి. ఆవిరి తగ్గుతుంది, తుంపర తుంపరే. మాస్కంటే బద్ధకమైతే కుంచె పట్టుకోవడం నయం. కొండపల్లిలో పొణికి చెక్క బొమ్మలకి కుంచెతోనే కదా రంగులేస్తున్నది, ఆ బొమ్మలకేం తక్కువ?

అద్దాలు మాత్రం ఇప్పుడు ముయ్యను. ఒక అట్టపెట్టె లాంటి బూత్, దానికో ఎగ్జాస్ట్ ఫ్యాను, గాలి బయటికి పోయే గొట్టం.

బాబాయి సంగతి వేరే చెప్పాలి. మొదట్లో ఆటోనగర్లో ఆయన కొట్టింది ఎన్‌సీ పెయింట్. తర్వాత హార్డ్‌నర్ కలిపే పీయూ పెయింట్ వచ్చింది. మెరుపు ఎక్కువ, వాసన తక్కువ, అందరికీ నచ్చింది. ఆ హార్డ్‌నర్లో ఉండేది ఐసోసైనేట్. భోపాల్‌లో 1984 డిసెంబరులో లీకైన మిథైల్ ఐసోసైనేట్‌కి దాయాది. అంత తేలిగ్గా ఆవిరైపోయేది కాదు గానీ, గన్‌లోంచి తుంపరగా వచ్చినప్పుడు ఊపిరితో పాటు లోపలికి పోతుంది. కొందరికి అది ఒకసారి పడకుండా పోయిందంటే, తర్వాత ఏ కాస్త తగిలినా ఉబ్బసం వస్తుంది. వాసనతో దాన్ని పసిగట్టలేం. అందుకే దానికి నా మాస్కు కూడా చాలదు, బయటి నుంచి గొట్టంతో మంచిగాలి అందించే మాస్కు వాడాలంటారు. ఇక కర్చీఫ్ మాటేం చెప్పను.

ఆయనకి దగ్గు పనిలో వచ్చేది కాదు, రాత్రిళ్ళు వచ్చేది. సంక్రాంతికి నాలుగు రోజులు ఇంటిపట్టున ఉంటే తగ్గేది. కాలవ గాలి మహత్యం అనేవాళ్ళం. చాలా ఏళ్ళ తర్వాత ఒక డాక్టరు మొదట అడిగిన ప్రశ్న అదే, "సెలవుల్లో తగ్గుతుందా?" అని. పిన్ని సంతోషంగా "తగ్గుతుందండీ, మా ఊళ్ళో గాలి మంచిది," అంది. ఆయన ఇంకేమీ అనకుండా ఏం పని చేస్తారని బాబాయిని అడిగాడు.

మొన్న చెకప్‌కి వచ్చినప్పుడు బాబాయి మా ఇంట్లోనే ఉన్నాడు. బాల్కనీలో లారీని అటూ ఇటూ తిప్పి చూశాడు. మాస్కు తీసి పెట్టుకున్నాడు. ఆయన మీసం రబ్బరు లోపలే ఇమిడింది. నేను కాఫీ పెట్టి వచ్చేసరికి తిన్నర్ సీసా మూత తీసి ముక్కు దగ్గర పెట్టుకుని ఉన్నాడు. నా గుండె జారింది.

"ఒరేయ్, నిన్నెవడో మోసం చేశాడ్రా," అన్నాడు, మాస్కులోంచి డబ్బాలో మాట్లాడినట్టు. "ఇది తిన్నర్ కాదు. నీళ్ళు. అసలు వాసనే లేదు."

నేను సీసా లాక్కుని మూత బిగించాను. మాస్కు వల్ల రావట్లేదని చెప్పాను. ఆయన కాసేపు మాట్లాడలేదు. క్యాట్రిడ్జ్‌ని వేలితో తట్టి చూశాడు. ఇవి ఎప్పట్నించి దొరుకుతున్నాయని అడిగాడు. చాలా కాలం నుంచే అన్నాను.

మాస్కు తియ్యకుండానే కుర్చీ ముందుకి లాక్కుని, కుడి డోరు మీద పసుపు ఎక్కడ పలచబడిందో చూపించడం మొదలుపెట్టాడు.