పచ్చడి చూసి కూర్చున్నాను

గుంటూరు,
ఫిబ్రవరి 9, తెల్లవారుజాము

నాయనమ్మా,

సింధనూరులో బస్సు ఎక్కించేటప్పుడు నువ్వు చెప్పింది ఒక్కటే మాట. "బోర్డు చూసి లోపలికి పోమాకు, విస్తట్లో పచ్చడి చూసి కూర్చో." ఈ నాలుగు రోజులూ ఆ మాట పట్టుకునే తిరుగుతాను. తుంగభద్ర కాలువ కింద మనవాళ్ళు స్థిరపడ్డ క్యాంపులో మనం పెట్టబోయే మెస్సులో ఏం వండాలో, ఎట్లా వడ్డించాలో తేల్చుకోవడానికే కదా వచ్చింది. తమ్ముణ్ణి పక్కన కూర్చోబెట్టుకుని నిదానంగా చదివించుకో.

దిగేసరికి రాత్రి రెండయింది. గది కూడా వెతుక్కోకుండా ఆటో ఎక్కి మిర్చి యార్డుకే వెళ్ళాను. గేటు ఇంకా దూరం ఉండగానే తుమ్ములు మొదలయ్యాయి. లారీలు వరసకట్టి ఉన్నాయి. పల్నాడు కాయ, ప్రకాశం కాయ, కర్నూలు కాయ, మన రాయచూరు వైపు కాయ కూడా. కాయ నింపిన టిక్కీల మీదే దుప్పటి కప్పుకుని పడుకున్న రైతుల్ని చూస్తే తాతయ్య గుర్తొచ్చాడు. ఎడ్లబండిలో కాయ వేసుకొచ్చి, అమ్ముడయ్యేదాకా బండి కిందే పడుకునేవాడని చెబుతావే, అదే ఇది. బండి పోయి లారీ వచ్చింది, అంతే.

నాలుగింటికి బయట టిఫిన్ బండ్ల దగ్గర దీపాలు వెలిగాయి. మూడు బండ్లు దాటి నాలుగో దాని దగ్గర ఆగాను. ఎందుకంటే అక్కడ అల్లం పచ్చడి గిన్నెలో గరిటె నిలబడింది. నీళ్ళు కలిపి సాగదీసింది కాదు. నాలుగు ఇడ్లీలు, మీద కారప్పొడి, దాని మీద వేడి నెయ్యి. పొడిలో వెల్లుల్లి కచ్చాపచ్చాగా తగిలింది. మంట నాలుక చివర ఆగకుండా నోరంతా పరుచుకుని, నెయ్యి తగలగానే దిగిపోయింది. కారం గుణమే అది నాయనమ్మా, కొవ్వులో కరుగుతుంది గానీ నీళ్ళలో కరగదు. మంటెక్కిన పిల్లలకు నువ్వు నీళ్ళివ్వకుండా మీగడ పెరుగు పెట్టేదానివి. చదువుకున్నాక గానీ అందులో సంగతి నాకు తెలియలేదు.

ఈ బండి దగ్గర నిలబడి తినేవాళ్ళు హమాలీలు, రైతులు, కమీషన్ కొట్ల గుమాస్తాలు. కాయ విరిచి, వాసన చూసి, మచ్చు చూసి ధర కట్టే చోట పగలంతా గడిపే మనుషులు. రంగు పోయిన తాలుకాయ దంచి రంగు కలిపిన పొడి వీళ్ళ ముందు పెడితే మొదటి ముద్దకే పట్టేస్తారు. అందుకే ఈ ఊళ్ళో మంచి పొడి తినాలంటే యార్డు చుట్టుపక్కలే మొదలుపెట్టాలని నాకు తోచింది.

బండి ఆవిడని అడిగితే దాచకుండా చెప్పింది. పొడికి వాడేది 334. ఊరికి దగ్గర్లోని లాం పరిశోధన కేంద్రంలో పుట్టిన రకమట. రంగు కోసం కాసిని బ్యాడిగి కాయలు కలుపుతుంది. మన కర్ణాటక కాయ! ముడతలు పడి, ముదురెరుపుగా, కారం తక్కువగా ఉండేది. సన్నగా, పొట్టిగా ఉండే తేజ మాత్రం తన పొడిలోకి రానివ్వదు. మంట ఒక్కటే ఉండి కమ్మదనం మిగలదంటుంది. విదేశాలకు ఎక్కువగా పోయేది ఆ తేజే.

నీ మనవరాలు

గుంటూరు,
ఫిబ్రవరి 10, రాత్రి

నాయనమ్మా,

ఇయ్యాల బ్రాడీపేట, అరండల్‌పేట తిరిగాను. ఇక్కడ అడ్రసు చెప్పే పద్ధతే వేరు. నాలుగో లైను, పద్నాలుగో అడ్డరోడ్డు అంటే చాలు. గళ్ళ కాగితం మీద గీసినట్టు నిలువు లైన్లు, అడ్డరోడ్లు. మెస్సుల చిరునామాలు కూడా అంకెలే. పేరు మరిచిపోయినా అంకె గుర్తుంటే అన్నం దొరుకుతుంది.

నీకు తెలిసిన శంకర్ విలాస్ ఇప్పుడు ఒక హోటలు మాత్రమే కాదు. ఆ కూడలిని శంకర్ విలాస్ సెంటర్ అంటారు, రైలు పట్టాల మీది వంతెననూ ఆ పేరుతోనే పిలుస్తూ వచ్చారు. టిఫిన్ పెట్టి, భోజనం పెట్టి ఊరి దారులకు పేరైన సంగతి రాస్తుంటే నాకు ఒళ్ళు పులకరిస్తోంది.

ఈ పేటల నిండా చదువుకునే పిల్లలు, కోచింగ్‌కి వచ్చినవాళ్ళు, ఉద్యోగం వెతుక్కునేవాళ్ళు. వాళ్ళకోసం పుట్టినవే ఈ మెస్సులు. సందులో ఒక ఇంటి ముందు గదిలో మూడు బల్లలు. బోర్డు లేదు. కిటికీలోంచి చూస్తే రోట్లోంచి గోంగూర తీసి గిన్నెకెత్తుతున్నారు. ఇంక కూర్చోకపోతే ఎట్లా? ముద్దపప్పు, నెయ్యి, గోంగూరలో పండుమిర్చి, నంజుకోవడానికి పచ్చి ఉల్లిపాయ, బెండకాయ వేపుడు, మజ్జిగ పులుసు, గడ్డపెరుగు, ఊరమిరపకాయలు. రెండో మారు అన్నం పెట్టడానికి ఆ ఇంటి పెద్దాయన అడగలేదు. విస్తట్లోకి చూసి వడ్డించాడు. మన మెస్సులో నేను చేయాలనుకుంటున్నది ఇదే. "ఇంకొంచెం కావాలా?" అని అడిగితే, నెల డబ్బు ముందే లెక్కేసుకున్న పిల్లాడు వద్దనే అంటాడు. చూసి వేస్తేనే కడుపు నిండుతుంది.

అన్నం తింటుంటే 'క్రీడాభిరామం' తలపుకొచ్చింది. దాన్ని వినుకొండ వల్లభరాయడు రాశాడంటారు, శ్రీనాథుడిదేనని వాదించేవాళ్ళూ ఉన్నారు. వినుకొండ అంటే నీ పుట్టింటి వైపే. అందులో ఇద్దరు స్నేహితులు ఓరుగల్లు నగరమంతా తిరిగి తిరిగి ఒక పూటకూళ్ళింట్లో తింటారు. సన్నన్నం, గోధుమపిండి వంట, పంచదార, అప్పుడే కాచిన నెయ్యి, పెసరపప్పు, అరటిపళ్ళు, నంజుళ్ళు, ఇవన్నీ ఒక్క రూకకే. కొత్త ఊళ్ళో మంచి భోజనం ఎక్కడని వెతకడం అన్నేళ్ళ నాడు కూడా కవిత్వంలోకి ఎక్కవలసినంత పెద్ద విషయమే. ఆ విస్తట్లో మిరపకాయ మాత్రం లేదు. ఎట్లా ఉంటుంది? అమెరికా ఖండం నుంచి పోర్చుగీసు ఓడల్లో అది మన దేశానికి చేరింది ఆ తర్వాతే. మిరియాల పేరు చూసే దానికి మిరపకాయ అని పెట్టుకున్నాం. గుంటూరు పేరు చెబితే ప్రపంచానికి గుర్తొచ్చే కాయ, శ్రీనాథుడు పల్నాట్లో జొన్నన్నం తిన్న రోజుల్లో ఈ నేల మీదే లేదు.

మధ్యలో ఒక పెద్ద ఏసీ హోటల్‌కి కూడా వెళ్ళాను. పేరు రాయను. పచ్చడి ఫ్రిజ్‌లోంచి చల్లగా వచ్చింది. నీ మాట కాదని బోర్డు చూసి వెళ్ళింది అక్కడొక్కచోటే.

నీ మనవరాలు

గుంటూరు,
ఫిబ్రవరి 11

నాయనమ్మా,

చిన్న ఉత్తరం ఇది. పొద్దున కొత్తపేటకి వెళ్ళాను. పాత క్లబ్ రోడ్డు చుట్టుపక్కలంతా ఆసుపత్రులే. పల్లెల నుంచి వచ్చినవాళ్ళు క్యారియర్లు పట్టుకుని హోటళ్ళ ముందు నిలబడి ఉంటారు. గుంటూరులో కారం లేని తిండి ఉంటుందని నేను అనుకోలేదు. ఇక్కడ ఉంది. జావ, మెత్తని ఇడ్లీ, ఉప్పు తగ్గించిన పప్పుకట్టు, మిరియాల చారు. ఒక చిన్న హోటల్లో వడ్డించేవాడు ముందు అడిగింది, "పేషెంటుకా, మీకా?" అని. పేషెంటుకంటే ఒక గిన్నె, మనకంటే ఇంకొకటి. నేను అక్కడ తిన్నది రెండు ఇడ్లీలే, కానీ ఆ ప్రశ్న నాతో వచ్చేసింది. మన క్యాంపు నుంచి రాయచూరు ఆసుపత్రికి నిన్ను తీసుకెళ్ళిన వారం రోజులూ ఆ మాట అడిగినవాళ్ళు మనకు ఒక్కరూ దొరకలేదు.

సాయంత్రం జిన్నా టవర్ దగ్గర మిరపకాయ బజ్జీలు తిన్నాను. లావు బజ్జీ మిరపకాయని చీల్చి, లోపల వాము, చింతపండు గుజ్జు కూరారు. గింజలున్న తెల్లటి ఈనెను వేలితో లాగి పారేశారు. ఘాటంతా పుట్టేది ఆ ఈనెలోనే. గింజకు దాన్ని అంటుకున్నందువల్ల వచ్చిందే. చీల్చిన బజ్జీలో ఉల్లిపాయ ముక్కలు, నిమ్మరసం. మూడు తిన్నాను.

నీ మనవరాలు

ఒంగోలు,
ఫిబ్రవరి 12, రాత్రి

నాయనమ్మా,

ఇయ్యాల నీ పుట్టింటి మీదుగా వచ్చాను. చిలకలూరిపేటలో దిగి ఊళ్ళోకి ఆటోలో వెళ్ళాను. ఇల్లు లేదు, వేపచెట్టు ఉంది. నీ పెళ్ళినాటికి ఒంగోలు దాకా అంతా గుంటూరు జిల్లానే కదా. 1970లో ఒంగోలు విడిపోయింది, 1972లో దానికి ప్రకాశం పంతులుగారి పేరు పెట్టారు. 2022 ఏప్రిల్ నుంచి మీ పేట పల్నాడు జిల్లాలోకి పోయింది. నువ్వు పుట్టిన జిల్లా ఏదని తమ్ముడు అడిగితే ఏం చెబుతావో!

నాగార్జునసాగర్ నీళ్ళు కుడి కాలువలోకి వదిలింది 1967లో. అంతకు ఐదేళ్ళ ముందే మీరు తుంగభద్ర కాలువ కిందికి వెళ్ళిపోయారు. ఇంకో ఐదేళ్ళు ఆగి ఉంటే నేను ఇక్కడే పుట్టేదాన్నేమో అనుకుంటూ చేల గట్ల మీద కాసేపు నిలబడ్డాను. ఆఖరి తీత అయిపోయిన పత్తి చేలు, కళ్ళాల్లో ఎర్రగా పరిచిన కాయ. తొడిమలు తీస్తున్న ఆడవాళ్ళు ముక్కుకి గుడ్డ కట్టుకుని ఉన్నారు. మధ్యాహ్నం వాళ్ళు సద్ది విప్పి నన్ను పిలిచారు. అన్నంలోకి కొరివికారం, నువ్వుల నూనె, మజ్జిగ. ఈ నాలుగు రోజుల్లో ఏ సెంటర్లోనూ ఇంత బాగా తినలేదని రాస్తే గుంటూరు మెస్సులకు అన్యాయం చేసినట్టవుతుంది. అయినా నిజం అదే. పండుమిర్చి చింతపండుతో కలిపి దంచి జాడీలో పెట్టిన వాసన నీ జాడీ వాసనే. మనవాళ్ళు ఊరు మారారు గానీ పాళ్ళు మార్చలేదు.

హైవే పక్కన పత్తికట్టె పొయ్యి మీద కాచిన టీ తాగి, చీకటి పడేసరికి ఒంగోలు చేరాను. ఇక్కడ ఎవరిని అడిగినా చెప్పే పేరు అల్లూరయ్య మైసూర్‌పాక్. శనగపిండి, పంచదార, నెయ్యి, అంతకుమించి దాచిందేమీ లేదు. నోట్లో పెడితే పంటి పని లేదు. నీకు పళ్ళు లేవని బెంగపడకు, ఒక కిలో తెస్తున్నాను.

తొడిమ తీయని సన్నం రకం కాయ రెండు కిలోలు, ఆ ఆడవాళ్ళు ఇచ్చిన కొరివికారం సీసా ఒకటి సంచిలో ఉన్నాయి. ఎల్లుండి పొద్దున్నకి ఇంట్లో ఉంటాను. తమ్ముడి చేత రోలు కడిగించి ఎండలో పెట్టించు.

నీ మనవరాలు